క్రొత్త జపాను పాటలను గూర్చి మా యభిప్రాయము

"క్రొత్త యొక వింత, ప్రాత యొక రోత" యను సామెత తక్కిన వస్తువులకంటె పాటల విషయమున నెక్కువగా నిజమగుచున్నది. నేడు వెలువడిన పాటను రేపటికి లోకమంతయు వినును. ఎల్లుండికి పొగడువారు పొగడుదురు, తెగడువారు తెగడుదురు. వారము తిరుగునప్పటికి పట్టికలో దాని వరుస యేర్పడును. కొన్ని నెలలు గడచునప్పటికి దాని పేరెత్తువారే యరుదు. ఇంత త్వరగా పుట్టి గిట్టు వస్తువును గూర్చి నిదానముగా నాలోచించుట వృథాప్రయాస యని కొందఱందురు. మేమట్లు తలంపము. పదునాఱేండ్ల ప్రాయమున చెవిలో బడిన పాట ముసలితనము వఱకు మనసున నిలుచును. కావున నా ప్రాయమువారు వినుచున్న పాటలను పెద్దలును ఒకమాఱు చెవియొగ్గి వినుట తగును.

మా పాఠశాలలో పై తరగతుల బాలబాలికలు కొంతకాలముగా జపాను దేశపు బొమ్మల చలనచిత్రములను, అనగా ఆనిమేలను, మిక్కిలి యిష్టముతో చూచుచున్నారు. ఆ చిత్రముల మొదటను తుదను వచ్చు పాటలు వారి నోళ్లలో నాడుచున్నవి. ఈ యేటి వార్షికోత్సవమున నొక జపాను పాటను పాడుదుమని వారు కోరి, ఆఱు పాటల పేర్లు వ్రాసి యిచ్చిరి. అవన్నియు సింగిల్ అను పేర నొక్కొక్కటిగా వెలువడిన విడిపాటలు. 2019 మొదలు 2025 వఱకు వచ్చినవి. వానిలో నేది తగినదో చెప్పుమని కార్యక్రమ సంఘమువారు ఆ కాగితమును మా చేతికిచ్చిరి. మేము సంగీత విద్వాంసులము కాము. హార్మోనియముపై స్వరములను వెదకి పట్టుకొను పాటి జ్ఞానమే మాకు గలదు. జపాను భాషలో మా ప్రవేశమును స్వల్పమే. అయినను పాటలను పలుమాఱులు విని, అనువాదముల సాయమున నర్థమును గ్రహించి, మాకు తోచినదానిని సంఘమువారికి చెప్పితిమి. దానినే యిచ్చట విపులముగా వ్రాయుచున్నాము.

మొదట భాషను గూర్చి రెండు మాటలు. జపాను భాష దూరదేశపు భాషయే యైనను తెలుగు చెవికి మిక్కిలి దగ్గఱగా నుండును. మన మాటలవలెనే వారి మాటలును అచ్చులతో ముగియును. హల్లులలో పదాంతమున నిలుచునది నకారమొక్కటియే. అంతకంటె ముఖ్యమైన పోలిక మఱియొకటి కలదు. మన ఛందస్సున లఘువునకొక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. జపానువారును తమ మాటలను మాత్రలతోడనే కొలుతురు. తమ దేశమును వారు నిప్పొన్ అందురు. మన లెక్క ప్రకారము ద్విత్వమునకు ముందున్న "ని" గురువు, పొల్లు నకారముతో గూడిన "పొ" గురువు. వెరసి నాలుగు మాత్రలు. వారి లెక్కయు నాలుగే! ఐదు, ఏడు, ఐదు మాత్రలుగా నడచు వారి హైకూ పద్యమునకు ఈ గణనమే యాధారము. మాత్రకొక స్వరము చొప్పున కూర్చుట వారి పాటల ప్రాత పద్ధతి. కొసకు కోసకు కూడ, మాటలో నేయక్షరము హెచ్చుగా పలుకబడునో పాటలోను అచ్చటనే స్వరము హెచ్చవలెనని యమదా కోసకు (1886–1965) అను స్వరకర్త నియమము పెట్టుకొని, ఎఱ్ఱ తూనీగను గూర్చిన "అకతొంబొ" మొదలగు పాటలను కూర్చెను.

స్వరములలోను చుట్టఱికము కలదు. 1881వ సంవత్సర ప్రాంతమున జపాను ప్రభుత్వమువారు పాఠశాలల కొఱకు పాటల పుస్తకమును సిద్ధపఱచినప్పుడు పాశ్చాత్యుల రాగములు పెక్కింటిని గైకొనిరి. స్కాట్లండు దేశపు వీడ్కోలు పాట రాగము "మిణుగురుల వెలుగు" అను జపాను పాట యయ్యెను. పట్టప్రదాన సమయములలో దానిని పాడుట వారికి వాడుక. ఆ రాగమునను, తరువాత వారు స్వయముగా కట్టిన యనేక గీతములలోను నాలుగవ స్వరమును ఏడవ స్వరమును ఉండవు. స, రి, గ, ప, ద యను ఐదే స్వరములు. ఇది మన మోహన రాగపు మెట్టు గాక మఱేమి? హార్మోనియము ముందఱ కూర్చుండి యీ ప్రాత జపాను పాటలను వాయించినచో మన వీధిభాగవతమువారి పాటయో యని యనిపించును.

ఈ ప్రాత మార్గమును క్రొత్త మార్గమును కలిసిన కూడలియందు నిలిచిన పాటయొకటి కలదు. 1961లో క్యూ సకమోతో పాడిన "ఉఎ ఒ ముయితె అరుకో" యనునది. "పైకి చూచుచు నడతము" అని దాని యర్థము. రొకుసుకె ఎయి మాటలను వ్రాయగా, హచిదాయి నకమురా స్వరములను కూర్చెను. 1963 జూన్ మాసమున నిది అమెరికా దేశపు బిల్‌బోర్డు పట్టికలో మూడు వారములు మొదటి స్థానమున నిలిచెను. నోరు తిరుగని పరదేశీయులు దీనికి "సుకియాకి" యని పేరు పెట్టిరి. అది మాంసముతో వండు కూర పేరు. పాటకు దానికి నేసంబంధమును లేదు. మన యూరి జోలపాటకు గోంగూర పచ్చడి యని పేరు పెట్టినట్లే! ఆ పాట రాగము ఈలవేసికొనుచు పోవునంత తేలిక. భావము మాత్రము ఒంటరివాని దుఃఖము. పాడువాడు కన్నీరు జాఱకుండ తల పైకెత్తి, నిలువక నడచుచునే యుండును. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక; ముందు దీనితో పని కలదు.

ఇక పాటను తూచు రాయి యేది? మిషను పాఠశాలలలో పెరిగినవారికి దీనిని వెదకుకొన నక్కఱలేదు. మనము ప్రార్థనలో రెండు విధముల పాటలను పాడుచున్నాము. ఒకటి, ఆంగ్ల రాగములకు తెలుగు మాటలను కుదిర్చినవి. వానిలో కొన్ని చక్కగా నమరినవి. కొన్నింట లఘువుండవలసిన చోట స్వరము సాగి, గురువుండవలసిన చోట తెగి, మాట కుంటుచుండును. రెండవది, పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగువారు మన రాగతాళములలో రచించిన కీర్తనలు. వీనిలో మాటయు రాగమును కవలలవలె నొకేమాఱు పుట్టినవి. భాష తెలియనివాడు సైతము ఈ భేదమును చెవితో గుర్తింపగలడు. మాటను రాగము మోయుచున్నదా, లేక యీడ్చుచున్నదా? ఇది మా మొదటి ప్రశ్న. పాట మనలను ఎచ్చటికి కొనిపోయి విడుచును? ఇది రెండవది. వీనితోడనే మేమీ పాటలను తూచినాము.

జపాను రాక్ పాటలకు మొదటి ప్రశ్న పుట్టుకనుండియు నున్నది. 1970వ సంవత్సర ప్రాంతమున నా దేశపు సంగీతజ్ఞులలో గొప్ప వాదము చెలరేగెను. రాక్ తాళమునకు జపాను మాటలు పొసగవు, ఆంగ్లముననే పాడవలెనని యొక పక్షము. పొసగించి చూపుదుమని మఱియొక పక్షము. హ్యాపీ ఎండ్ అను నలుగురి బృందము 1971లో "కజెమచి రోమన్" అను సంపుటమును వెలువరించి, మాత్రలను సాగదీసియు విఱిచియు జపాను మాటలను ఆ తాళముపై నిలిపెను. 1978లో సదరన్ ఆల్ స్టార్స్ బృందపు కెయిసుకె కువాతా మొదటి పాటలోనే మాటలను ఆంగ్లమువలె నమలి పలికి, వినువారిని ఆశ్చర్యపఱచెను. నాటితో మాత్రకొక స్వరమను కట్టుబాటు సడలెను.

తరువాతి మార్పు యంత్రమువలన వచ్చినది. మనుష్యుడు లేకయే పాడు వోకలాయిడ్ అను సాధనమును యమహా సంస్థవారు కల్పించిరి. 2007 ఆగస్టు నెలలో సప్పొరో నగరపు క్రిప్టన్ సంస్థవారు దానితో హత్సునె మికు అను కృత్రిమ గాయనిని లోకమునకు విడిచిరి. ఆ గొంతునకు ఊపిరి తీసికొను పనిలేదు; ఎంత హెచ్చు స్థాయికైనను ఎగురును; ఎంత వేగమైనను తొట్రుపడదు. ఇంటిలో కూర్చుండి దానికొఱకు పాటలు కట్టిన యువకులే నేటి ప్రసిద్ధ స్వరకర్తలైరి. కెన్షి యొనెజు మొదట హచి యను పేర నట్లు కట్టినవాడు. యోఆసోబి జంటలోని అయాసె యును అట్టివాడే. యంత్రము కొఱకు కట్టుట నేర్చిన చేయి, మనుష్యుని కొఱకు కట్టునపుడును ఆ యలవాటును విడువదు. నేటి జపాను పాటలు ఊపిరి సలుపకుండ పరుగెత్తుటకును, నేలనుండి మేడపైకి దూకినట్లు స్వరములు దుముకుటకును కారణమిదియే యని మా తలంపు.

ఇప్పుడు విద్యార్థుల పట్టికకు వత్తము. మొదటి పేరును తుదకుంచి, తక్కినవానిని ముందు పరిశీలింతము.

"ఐడల్" అను పాటను యోఆసోబి వారు 2023 ఏప్రిల్ 12వ తేదీన వెలువరించిరి. "ఒషి నొ కొ" అను ఆనిమేకు నిది యారంభగీతము. బిల్‌బోర్డు జపాను పట్టికలో వరుసగా 21 వారములు మొదటి స్థానమున నుండెను. అదే యేట జూన్ నెలలో అమెరికాను మినహాయించి లెక్కించు ప్రపంచ పట్టికలోను మొదటిదయ్యెను. జపాను పాటకా గౌరవము లభించుట అదియే ప్రథమము. ఒక యువ గాయనిని మొదట లోకులు పొగడుదురు, పిదప తోడి గాయనులు అసూయతో చూతురు, తుదకు ఆమెయే తన యంతరంగమును విప్పును. మూడు దృష్టులకు మూడు నడకలు. అబద్ధమాడి యైనను ప్రేమను పంచవలెనను నామె మాటలోని వేదనకు, ఇకురా యను గాయని గొంతులోని తేటదనము తగియున్నది. నేర్పు గల పాట యని యొప్పుకొందుము. కాని నడుమ నడుమ వచ్చు సభికుల కేకలు, గడియకొక మలుపు, వినువానికి నిలుచుటకు చోటీయవు. సంతలో నిలిచి యుత్తరము చదువుకొన్నట్లుండును.

"బ్లింగ్-బ్యాంగ్-బ్యాంగ్-బోర్న్" అను పాట 2024 జనవరి 7వ తేదీన వెలువడినది. క్రీపీ నట్స్ అనునది ఇద్దఱి జంట. మాటలను తాళముపై పరుగెత్తించు ఆర్-షితెయి యొకడు. 2019లో ప్రపంచ డీజే పోటీలో గెలిచిన డీజే మత్సునగా మఱియొకడు. "మాష్‌లె" అను ఆనిమేలో మంత్రవిద్య లేని బాలుడు దేహబలముతో మంత్రగాండ్రను గెలుచును. అరువు తెచ్చుకొన్న సొమ్ములు లేక పుట్టినవాడు పుట్టినట్లే నిలుచుట యీ పాట భావము. పల్లవిలోని శబ్దములకు నిఘంటువులో నర్థము లేదని పెద్దలు కొందఱాక్షేపించిరి. అట్లయిన మన నాట్యమునందలి "తకధిమి తకఝణు" జతులకు నిఘంటువులో నర్థము కలదా? తాళమే వాని యర్థము. మాటయు తాళమును ఇంత గట్టిగా ముడివడిన పాట ఈ పట్టికలో వేఱొకటి లేదు. మా మొదటి ప్రశ్నకు ఇది పూర్ణముగా సమాధానము చెప్పినది. రెండవ ప్రశ్నకు మాత్రము, మనలను కాళ్లు కదలించి విడుచునని తప్ప నధికముగా చెప్పలేము.

"లైలాక్" అను పాటను మిసెస్ గ్రీన్ యాపిల్ అను ముగ్గురి బృందము 2024 ఏప్రిల్ 12వ తేదీన వెలువరించెను. ఆ యేటి జపాను రికార్డు పురస్కారము దీనికి లభించెను. బేస్‌బాలు ఆడు బాలురను గూర్చిన యానిమేకు నిది యారంభగీతము. మొదట వినబడు గిటారు వరుస వాననీరు చూరునుండి దబదబ రాలినట్లుండును. దానిని నేర్చుకొనబోయి వ్రేళ్లు కాయలు కాచిన విద్యార్థులు మా పాఠశాలలోనే కలరు. మొతోకి ఓమొరి గొంతు హఠాత్తుగా పై స్థాయికి దూకినను పగులదు. యౌవనమున తగిలిన గాయములను కూడ నొకనాడు ప్రేమతో తలంచుకొందుమను భావము ప్రాయపువారికి తగినది. ఆఱింటిలో మాకు మిక్కిలి నచ్చినది ఇదియే. కాని పదునైదేండ్ల బాలుడు ఆ స్థాయిలో పాడబోయినచో గొంతు చెడును. మా సంఘమున కీ మాట స్పష్టముగా చెప్పితిమి.

"జేన్ డో" అనునది కెన్షి యొనెజు, హికారు ఉతాదా కలిసి పాడినది. 2025 సెప్టెంబరులో "చెయిన్‌సా మ్యాన్" చలనచిత్రమునకు తుదిపాటగా వెలువడెను. అదే చిత్రమునకు ప్రధాన గీతముగా యొనెజు "ఐరిస్ అవుట్" అను పాటను కట్టెను. ఒకే కథకు ఒకే చేయి కట్టిన యీ రెండును ఎంత భిన్నములు! "ఐరిస్ అవుట్" సుమారు రెండున్నర నిమిషములలో, మతిపోయినవాని పరుగువలె సాగి ముగియును. "జేన్ డో" మెల్లగా, ఇద్దఱు చీకటిలో నొకరినొకరు వెదకికొనునట్లు సాగును. పేరు తెలియని స్త్రీకి ఆంగ్ల న్యాయస్థానములవారు పెట్టు పేరు దీనికి శీర్షిక. 1998లో మొదటి పాటను వెలువరించిన ఉతాదా గొంతులో నెలుగెత్తకయే దుఃఖమును తెలుపు శక్తి కలదు. మాటలు తక్కువ, నిశ్శబ్దమెక్కువ. అయితే ఆ చిత్రమునందలి రక్తపాతము చిన్నవారికి తగినది కాదు; చిత్రమును చూడనివారికి ఈ పాటలో సగము తెలియదు.

"హచికో" అనునది ఫుజీ కజె పాడినది; ఇదియు 2025లో వెలువడినదే. తోక్యో నగరమున షిబుయా రైలుస్టేషను వద్ద, 1925లో చనిపోయిన యజమానికొఱకు 1935లో తాను చనిపోవు వఱకు ఎదురుచూచిన కుక్క పేరది. పాటలో నధికభాగము ఆంగ్లము. ఈ గాయకుని విషయమున తెలుగువారు తెలిసికొనదగిన విశేషమొకటి కలదు. ఇతని మొదటి రెండు సంపుటముల (2020, 2022) పేర్లు "ఎప్పుడును సాయము చేయుము, ఎన్నడును గాయము చేయకుము" అనియు, "అందఱిని ప్రేమింపుము, అందఱిని సేవింపుము" అనియు నర్థమిచ్చు ఆంగ్లవాక్యములు. ఇవి పుట్టపర్తి సత్యసాయి బాబాగారి (1926–2011) ఉపదేశములుగా లోకప్రసిద్ధములు. 2025 సెప్టెంబరు 5వ తేదీన వెలువడిన మూడవ సంపుటము పేరు "ప్రేమ". మనము దినదినము పలుకు మాటయే! ఇట్లు రాయలసీమ పల్లెనుండి వెడలిన మాటలు ఒకాయామా మండలపు యువకుని నోట వెలువడుట వింతయే. కాని పాట మాట వేఱు. ఇతడు మొదట తన మండలపు మాండలికముతో కట్టిన పాటలలో మాటలు గింజలవలె గట్టిగానుండెను. ఈ ఆంగ్లగీతమున నవి నీటిపై నురుగువలె తేలిపోవుచున్నవని మా చెవికి తోచినది.

ఇట్లు మేము చెప్పుచుండగా కొందఱు బాలురు, "పట్టికలో మొదటిది యేదో అదియే మంచిది గదా, ఇంత వివాదమేల?" యనిరి. పట్టికల సంగతియు చెప్పవలసియున్నది. జపానులో ఒరికాన్ అను సంస్థ 1968 నుండి రికార్డుల విక్రయములను లెక్కించుచున్నది. ఆ లెక్కలో నేటివఱకు మిక్కిలి యమ్ముడుపోయిన విడిపాట 1975 డిసెంబరులో వెలువడినది. 45 లక్షలకు మించిన ప్రతులు. అదేదో గొప్ప విద్వాంసుని కృతి యనుకొనవలదు. దినదినము పెనముపై కాలుటకు విసిగి సముద్రములోనికి పాఱిపోయిన చేపయాకారపు తీపిరొట్టెను గూర్చిన పిల్లలపాట! తరువాతి కాలమున ఏకేబీ48 వంటి బృందములవారు పాట బిళ్లతోపాటు గాయనులతో చేయి కలుపుటకు చీటిని జతపఱచిరి. ఒక్కొక్క యభిమాని పదుల కొలది బిళ్లలను కొనెను. అట్టి లెక్క యభిమానుల భక్తిని కొలుచును. పాట గుణమును కొలువదు. 2008లో నారంభమైన బిల్‌బోర్డు జపాను పట్టిక పెక్కు విధముల వినికిడిని కలిపి లెక్కించుటచేత కొంత మేలు. అయినను ఎందఱు వినిరో పట్టిక చెప్పును. విని యేమైరో చెప్పదు.

ఇక మొదటి పేరు. "యోరు ని కకేరు", అనగా "రాత్రిలోనికి పరుగు". యోఆసోబి వారి యీ మొదటి పాట 2019 డిసెంబరు 15వ తేదీన వెలువడినది. బిళ్లగా నమ్ముడుపోకయే, వినికిడిచేతనే 2020వ సంవత్సరపు బిల్‌బోర్డు జపాను పట్టికలో ప్రథమస్థానమును పొందెను. దీని రాగము జాతరలో గుఱ్ఱపు రంకులరాట్నమువలె గిరగిర తిరుగును. పిల్లలు దీనికి నాట్యమాడుచున్నారు. కాని మయో హోషినో వ్రాసిన యొక చిన్నకథ దీనికి మూలము. ఆ కథ ఆత్మహత్యను గూర్చినది. చావును అందమైన ఆకర్షణగా చూపు కథను, గంతులు వేయించు రాగములో పొదిగిరి. మా విద్యార్థులలో పలువురి కీ సంగతి తెలియదు. తెలియకయే పాడుచుండిరి.

మేమా యర్థమును చెప్పగా గదిలో కొంతసేపు మాటలు లేవు. అప్పుడు పదవ తరగతి బాలిక యొకతె లేచి, "మాస్టారూ, మన కీర్తనలలోను మరణము కలదు, కన్నీరు కలదు. దుఃఖమును గూర్చిన పాటను పాడరాదని చెప్పుదురా?" యని యడిగెను. మంచి ప్రశ్న. దుఃఖగీతము లేని జాతి లేదు. కీర్తనల గ్రంథమున మూడవవంతు మొఱలే. సంతోషపు రాగమున దుఃఖమును దాచుటయు క్రొత్త గాదు. క్యూ సకమోతో 1961లో చేసినది అదియే. అయితే ఆ పాటలోని దుఃఖితుడు తల యెత్తి నడచుచునే యుండును. పాట ముగియునప్పటికి మనమును అతనితో నాలుగడుగులు నడిచియుందుము. "యోరు ని కకేరు" మనలను అట్లు నడిపించి యింటికి చేర్చునా? చేర్చదని మా యభిప్రాయము. అది కళగా నెంత నేర్పు గలదైనను, మనసు బరువెక్కిన బిడ్డ చెవిలో నొంటరిగా బడదగిన పాట గాదు. అట్టి బరువును మోయుచున్నవారు ఎవరైనను దానిని పాటకు మాత్రమే చెప్పుకొనక, తల్లికో, ఉపాధ్యాయునికో, స్నేహితునికో చెప్పుకొనవలెనని యా దినముననే గదిలోనివారి కందఱికి చెప్పితిమి.

అయినను మేము దేనిని నిషేధింపలేదు. నిషేధించిన పాట మఱింత తీపియగును. ఒక్క నియమమును మాత్రము పెట్టితిమి. ఏ పాటనైనను పాడవచ్చును. కాని పాడబోవువారు ముందుగా వేదికపై నిలిచి, దాని యర్థమును తమ తల్లిదండ్రుల యెదుట తమ సొంత తెలుగు మాటలలో చెప్పవలెను. విద్యార్థులు రెండు దినములు తర్జనభర్జన పడిరి. ఒక పాట యర్థము చెప్పుటకు నోరు రాలేదు. ఒకదానికి చెప్పుటకు నర్థము చాలలేదు. ఒకదానికి గొంతు చాలలేదు. మూడవనాడు ఆ బాలికయే వచ్చి, పట్టికలో లేని యేడవ పాట పేరును చెప్పెను. అది కెన్షి యొనెజు 2018 మార్చి నెలలో వెలువరించిన "లెమన్".

చనిపోయినవారి మరణకారణములను శోధించు వైద్యులను గూర్చిన టెలివిజను నాటకము కొఱకు కట్టిన పాట యిది. కట్టుచున్న కాలముననే యొనెజు తాతగారు మరణించిరి. పోయినవారి జ్ఞాపకము కోసిన నిమ్మపండు వాసనవలె ఘాటుగా, చేదుగా, తాజాగా నిలిచియుండుట దీని భావము. తాళము నడుమ హుక్కని వినబడు చిత్రమైన ధ్వని యొకటి మొదట నవ్వు పుట్టించును గాని, పలుమాఱులు విన్నచో వెక్కిళ్లు పెట్టుచు మాటలాడువాని గొంతు జ్ఞాపకము వచ్చును. రాగము పరుగెత్తదు, మాత్రకొక స్వరమను ప్రాత మర్యాద దీనిలో చాలవఱకు నిలిచియున్నది. దుఃఖము దాచబడలేదు, పోయినవారిని తలంచుకొనుటయే వెలుగని పాట ముగియును. మా రెండు ప్రశ్నలకును దీనియందు సమాధానము దొరకినది.

వార్షికోత్సవమునాడు ఆ బాలిక యైదు వాక్యములలో దీని యర్థమును చెప్పెను. నలుగురు పాడిరి, ఒకడు గిటారును, మేము హార్మోనియమును వాయించితిమి. ఉచ్చారణ జపానువారు మెచ్చునంతటిదని చెప్పజాలము. రెండవ చరణమున ఊపిరి చాలక యొక పంక్తి తెగినది. కాని వెనుక వరుసలలో కూర్చున్న తల్లులు, ఆ భాషలో నొక్క మాటయు తెలియనివారు, తమ యిండ్లలో పోయినవారిని తలంచుకొనుట మేము కన్నులార చూచితిమి.

కావున విద్యార్థులకు మా సలహా యిది. క్రొత్త పాటను మొదటిమాఱు చెవికొఱకు వినుడు. రెండవమాఱు అర్థము తెలిసికొని వినుడు. మూడవమాఱు, పట్టికలు దానిని మఱచిన పిమ్మట, నెలలు గడచిన పిమ్మట వినుడు. అప్పుడును అది మీతో మాటలాడినచో నది మీ పాట. ఏ దేశముదైనను, ఏ భాషదైనను చింతలేదు. పెద్దలకును ఒక మనవి. బిడ్డలు చెవులలో తగిలించుకొన్న తీగల నుండి యేమి వినబడుచున్నదో కోపము లేక యడిగి, ఒక తీగను మీ చెవిని పెట్టుకొనుడు. పాట నచ్చకపోవచ్చును. దానిని గూర్చి మాటలాడుకొనుటకు ఒక సాయంకాలము దొరకును.